ఆల్ఫా ఛానల్ చేశాక కూడా పట్టుచీర అంచున తెల్ల గీత ఎందుకు మిగులుతుంది?

నమస్కారం. అనంతపురంలో ఇంటి నుంచే ధర్మవరం పట్టుచీరల ఫొటోలు సిద్ధం చేస్తున్నట్లు రాశారు. మీరు అడిగినవి మూడు సంగతులు. తెల్ల గోడ ముందు తీసిన ఫొటోలో చీరను సెలెక్ట్ చేసి, ఆ సెలెక్షన్‌ను ఆల్ఫా ఛానల్‌గా దాచి, పీఎన్‌జీగా సేవ్ చేసినా బ్యాక్‌గ్రౌండ్ ఎందుకు పోలేదన్నది మొదటిది. వేరే దారిలో గోడను తీసేసి చీరను ముదురు మెరూన్ మీద పెడితే కొంగు కుచ్చుల చుట్టూ సన్నని తెల్ల గీత ఎందుకు వస్తున్నదన్నది రెండవది. ఫొటోషాప్ కొనలేనివారికి ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన జింప్ సరిపోతుందా అన్నది మూడవది.

ముందుగా సూటి సమాధానం చెబుతాను. ఫొటోషాప్‌లో ఛానల్స్ ప్యానెల్‌లో మీరు దాచినది భద్రపరచిన సెలెక్షన్ మాత్రమే. దాని వల్ల లేయర్, అంటే బొమ్మ ఉన్న పొర, పారదర్శకం కాదు. పీఎన్‌జీ ఫైలు పారదర్శకతను లేయర్ నుంచి తీసుకుంటుంది కానీ, ఆ ప్యానెల్‌లో అదనంగా దాచిన ఛానల్ నుంచి తీసుకోదు. ఇక తెల్ల గీత విషయానికి వస్తే, అది చాలావరకు ఆల్ఫాలో ఉన్న తప్పు కాదు, అంచు పిక్సెళ్ల రంగులో కలిసిపోయిన గోడ తెలుపు. ఆల్ఫాను ఎంత సరిదిద్దినా ఆ రంగు మారదు కాబట్టే మీరు ఫెదర్ (సెలెక్షన్ అంచును మెత్తబరచే కొలత) పెంచినకొద్దీ గీత మెత్తబడింది తప్ప పోలేదు. జింప్ సరిపోతుంది, దాని గురించి చివర రాస్తాను.

మొదటి చిక్కుకు పరిష్కారం తేలిక. లేయర్స్ ప్యానెల్‌లో తాళం గుర్తుతో ఉన్న బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌ను రెండుసార్లు క్లిక్ చేసి మామూలు లేయర్‌గా మార్చండి. తర్వాత ఛానల్స్ ప్యానెల్‌లో మీ ఆల్ఫా ఛానల్ బొమ్మ మీద కంట్రోల్ కీ పట్టుకుని క్లిక్ చేస్తే పాత సెలెక్షన్ తిరిగి వస్తుంది. అది నడుస్తుండగా లేయర్స్ ప్యానెల్ అడుగున, లేయర్‌లో ఏది కనిపించాలో నిర్ణయించే మాస్క్ గుర్తును నొక్కండి. గోడ మాయమై గళ్ల నేపథ్యం కనిపిస్తుంది, ఇప్పుడు పీఎన్‌జీ సరిగా వస్తుంది. ఛానల్‌ను మాత్రం తీసివేయవద్దు. పీఎస్‌డీ ఫైలులో అది భద్రంగా ఉంటుంది, రేపు మాస్క్ పాడైతే మళ్లీ అదే ఆధారం.

రెండవ ప్రశ్నే అసలైనది. కడపలో పెళ్లి ఆల్బమ్‌ల కటింగ్, ఫ్లెక్సీ డిజైన్, దుకాణాల కేటలాగ్ పనులతో ఇరవై ఏళ్లుగా ఈ అంచులతోనే కుస్తీ పడుతున్నాను. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇక్కడే సందేహం వచ్చింది కాబట్టి కొంచెం లోతుగా రాస్తాను.

ఆల్ఫా అంటే కత్తిరించిన ఆకారం అని అనుకుంటే చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. ఆల్ఫా ఒక కొలత. ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు సంఖ్యలు రంగును చెబితే, నాలుగవ సంఖ్య ఆ పిక్సెల్‌లో వస్తువు ఎంత భాగాన్ని కప్పిందో చెబుతుంది. 8 బిట్ల చిత్రంలో అది 0 నుంచి 255 వరకు ఉంటుంది: 0 అంటే అక్కడ వస్తువు లేదు, 255 అంటే పూర్తిగా ఉంది, 128 అంటే సుమారు సగం. 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ ఈ నాలుగవ ఛానల్‌ను చిత్రంతోపాటే నిల్వ చేసే పద్ధతిని తెచ్చారు. రెండు రంగులను ఏ పాళ్లలో కలపాలో చెప్పే సూత్రంలోని ఆల్ఫా అనే గ్రీకు అక్షరమే దానికి పేరైంది. ఆ సూత్రాన్ని మాటల్లో చెప్పాలంటే: పై బొమ్మ రంగును ఆల్ఫాతో గుణించాలి, కింది బొమ్మ రంగును మిగిలిన భాగంతో గుణించాలి, రెండింటినీ కూడాలి.

ఇప్పుడు మీ కుచ్చులోని ఒక్క దారం అంచును చూద్దాం. లెక్క తేలికగా ఉండటానికి ఒకే రంగు ఛానల్‌ను తీసుకుంటాను. దారం అసలు విలువ 60, గోడ తెలుపు 255 అనుకోండి. దారం సగమే కప్పిన పిక్సెల్‌లో కెమెరాకు అందేది ఆ రెండింటి సగటు, అంటే సుమారు 158. మీరు మాస్క్ చాలా చక్కగా చేశారు, ఆ పిక్సెల్‌కు ఆల్ఫా సరిగ్గా సగమే ఇచ్చారు. అయినా రంగు స్థానంలో 158 అలాగే కూర్చుని ఉంది. దాన్ని 40 విలువ గల మెరూన్ మీద పెడితే 158లో సగం 79, 40లో సగం 20, మొత్తం 99 వస్తుంది. నిజానికి రావలసింది 60లో సగం, 40లో సగం కలిపి 50. ఉండవలసినదానికి రెండింతల వెలుగు అక్కడ నిలిచింది. మీరు చూస్తున్న తెల్ల గీత అదే. ఒకే పిక్సెల్‌లో తెలుపు రెండుసార్లు కొలువైంది: ఒకసారి ఆల్ఫాలో ఖాళీగా, ఇంకొకసారి రంగులో తెలుపుగా. మొదటిదాన్ని మీరు సరిదిద్దారు, రెండవదాన్ని ముట్టుకోలేదు.

కాబట్టి చేయవలసింది రంగును దిద్దడం. దీనికి నేను ఎక్కువగా వాడే పద్ధతి ఇది. మాస్క్ వేసిన చీర లేయర్ పైన ఒక కొత్త ఖాళీ లేయర్ తెరిచి, దాన్ని కింది లేయర్‌కు క్లిప్పింగ్ మాస్క్‌గా కలుపుతాను. ఆల్ట్ కీ పట్టుకుని దారం లోపలి వైపున, తెలుపు సోకని చోట రంగును ఎత్తుకుని, మెత్తని చిన్న బ్రష్‌తో అంచు పొడవునా పూస్తాను. రంగు బయటికి పోతుందన్న భయం అక్కరలేదు. క్లిప్ చేసిన లేయర్ కింది లేయర్ ఆల్ఫాను దాటి కనిపించదు. దారం మందమూ మెత్తదనమూ మాస్క్ నుంచి వస్తాయి, రంగు మాత్రం మీరు పూసినది వస్తుంది. జరీ అంచు వంటి నేత పని ఉన్నచోట బ్రష్ పనికిరాదు, రంగు చదునుగా మారి జరీ మెరుపు చచ్చిపోతుంది. అక్కడ లేయర్ బొమ్మ మీదనే, మాస్క్ మీద కాదు, ఒకచోటి బొమ్మను ఇంకోచోట అద్దే క్లోన్ స్టాంప్‌తో లోపలి నేతను బయటి వైపుకు ఒకటి రెండు పిక్సెళ్లు పొడిగించాలి.

'సెలెక్ట్ అండ్ మాస్క్'లో ఉండే 'డీకంటామినేట్ కలర్స్' ఈ పనినే తనంతట తాను చేయడానికి ప్రయత్నిస్తుంది. అది పిక్సెళ్ల రంగునే మారుస్తుంది కాబట్టి ఫలితాన్ని కొత్త లేయర్‌లోనే ఇస్తుంది. తల వెంట్రుకలకు బాగా పనిచేస్తుంది, కుచ్చులకు ఫరవాలేదు. రెండు రంగుల దారాలు పక్కపక్కనే ఉంటే ఒకదాని రంగును ఇంకొకదానికి అంటించడం నేను చాలాసార్లు చూశాను, అందుకే దాని మీద పూర్తిగా ఆధారపడను. మెనూలో మ్యాటింగ్ కింద ఉన్న 'రిమూవ్ వైట్ మ్యాట్' కూడా పై లెక్కనే తిరగేసి అంచు నుంచి తెలుపును తీసివేసేది. ఇది మాస్క్ ఉన్న లేయర్‌కు కాక, మాస్క్‌ను అప్లై చేసి నిజంగా పారదర్శకమైన లేయర్‌కు వాడాలి. అందువల్ల ముందు ఒక నకలు తీసి దాని మీదే చేయండి.

లెక్క తిరగేయడం అంటే ఏమిటో చూస్తే, ఎక్కడ పనిచేయదో కూడా తెలుస్తుంది. 158 నుంచి తెలుపులో సగం, అంటే 127.5 తీసేసి, మిగిలిన 30.5ను సగంతో భాగిస్తే 61 వస్తుంది. అసలు విలువ 60, ఇది బ్రహ్మాండంగా సరిపోయింది. కానీ దారం పదో వంతే కప్పిన పిక్సెల్‌లో ఇదే పని చేస్తే, ఉన్న చిన్న తప్పు ప్రతిదీ పది రెట్లవుతుంది. జేపీఈజీ కుదింపు వల్ల ఆ పిక్సెల్ విలువ 3 అటూ ఇటూ అయితే తేలే రంగు 30 అటూ ఇటూ అవుతుంది. అందుకే కటింగ్ చేయవలసిన ఫొటోను వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన కాపీ నుంచి ఎప్పుడూ మొదలుపెట్టవద్దు. కెమెరా అసలు ఫైలు, వీలైతే రా ఫైలు (కెమెరా కుదించకుండా ఇచ్చేది) తెప్పించుకోండి. పూర్తయిన పీఎన్‌జీని పంపేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి: ఫొటోగా పంపితే అది జేపీఈజీగా మారి పారదర్శకత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటుంది.

అసలు గోడ తెల్లగా ఎందుకుండాలి అన్నది ఫొటో తీసే ముందే ఆలోచించవలసిన విషయం. చీర చివరికి ముదురు రంగు మీదికి వెళుతుందని ముందే తెలిస్తే, దాన్ని ముదురు బూడిద రంగు గుడ్డ ముందు తీయండి. అంచులో కొంచెం బూడిద మిగిలినా మెరూన్ మీద కంటికి ఆనదు. సినిమాల్లో చూసి కొందరు ఆకుపచ్చ గుడ్డ కడుతున్నారు. పట్టుకు, జరీకి అది మంచిది కాదు. జరీ అద్దంలాంటిది, చుట్టూ ఉన్న ఆకుపచ్చనంతా తనలో చూపిస్తుంది, దాన్ని తీయడానికి తర్వాత పడే పాటు కటింగ్ కన్నా ఎక్కువ.

ఇక ఫెదర్ గురించి. తెల్ల గీతను దాచడానికి చీర చుట్టూ ఒకే లెక్కన 3 పిక్సెళ్ల ఫెదర్ ఇచ్చినట్లు రాశారు. ఫొటోలో అంచుల మెత్తదనం అంతటా ఒకేలా ఉండదు. ఫోకస్‌లో ఉన్న కుచ్చు దారం ఒకటి రెండు పిక్సెళ్లలోనే నేపథ్యంలోకి మారుతుంది, ఫోకస్ తప్పిన వెనక మడతకు పది పిక్సెళ్లు పట్టవచ్చు. మాస్క్ ఆ తేడాను అనుసరించాలి. అన్నిటికీ ఒకే ఫెదర్ ఇస్తే దారాలు పొగమంచులో ఉన్నట్లు, మడతలు కత్తెరతో కోసినట్లు కనిపిస్తాయి. కెమెరా మెత్తగా చూపిన చోట మాత్రమే మాస్క్ మీద బ్లర్ టూల్ వాడండి.

మాస్క్‌ను దాని సొంత రూపంలో చూడటం అలవాటు చేసుకోండి. ఆల్ట్ కీ పట్టుకుని మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేస్తే నలుపు తెలుపుల్లో అది మాత్రమే తెర మీద కనిపిస్తుంది. ఇది చేయకపోవడం వల్ల నాకు జరిగిన నష్టం చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లి స్వాగత ఫ్లెక్సీకి దంపతుల బొమ్మను గండికోట లోయ ఫొటో మీద పెట్టాను. మాస్క్‌లో పెళ్లికూతురి చెంప 255 కాకుండా 240 దగ్గర ఉండిపోయింది, తెర మీద రెండూ తెలుపే అనిపించాయి. 240 అంటే 94 శాతం, అంటే కింద ఉన్న బండరాళ్ల చారలు 6 శాతం పైకి తేలాయి. పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టాక ఆ చెంప మీద మచ్చలు దూరం నుంచి కనిపించాయి, ఆ రాత్రికి రాత్రే మళ్లీ ప్రింట్ వేయించవలసి వచ్చింది. ఆ ఇంటివారి ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అప్పటి నుంచి ప్రతి మాస్క్ మీద, నలుపు తెలుపుల హద్దులను మార్చే లెవెల్స్ తెరిచి తెలుపు వైపు గుర్తును 240 వరకు, నలుపు వైపు గుర్తును 10 వరకు జరుపుతాను. లోపల ఉండవలసినది పూర్తిగా తెలుపు, బయట ఉండవలసినది పూర్తిగా నలుపు అవుతాయి. అయితే ఇది అంచును కూడా కొద్దిగా గట్టిపరుస్తుంది కాబట్టి వెంట్రుకలు, కుచ్చుల దగ్గర ఆ భాగాన్ని వదిలి మిగిలినచోట చేయాలి.

కొన్ని వస్తువులకు పెన్ టూల్‌తో ఆకారం గీయడం అసలు కుదరదు, వాటి మాస్క్‌ను ఫొటోలోని రంగు ఛానల్ నుంచే తీయాలి. తలంబ్రాలు నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ. పడుతున్న గింజలు కదలిక వల్ల చారలుగా వస్తాయి, ప్రతి చారలోనూ సగం గింజ, సగం వెనక తెర ఉంటాయి. మెరూన్ తెర ముందు పసుపు తలంబ్రాలు ఉన్న ఫొటోలో మూడు ఛానళ్లను విడివిడిగా చూడండి. ఎరుపు ఛానల్‌లో తెర, గింజలు రెండూ వెలుగుగా ఉంటాయి, నీలంలో రెండూ చీకటిగా ఉంటాయి, ఆకుపచ్చలో మాత్రం గింజలు తెల్లగా, తెర నల్లగా విడిపోతాయి. పసుపు రంగు ఎరుపు, ఆకుపచ్చ వెలుగులను రెండింటినీ వెనక్కి పంపుతుంది, మెరూన్ ఎరుపునే పంపుతుంది, కారణం అదే. ఆ ఆకుపచ్చ ఛానల్‌ను నకలు తీసి, లెవెల్స్‌తో కొంచెం తేడా పెంచితే, చారల మెత్తదనంతో సహా ఆల్ఫా ఛానల్ సిద్ధమవుతుంది. అసలు ఛానల్ మీద కాకుండా నకలు మీదే పనిచేయాలన్నది మరచిపోకండి, లేకపోతే ఫొటో రంగులే మారిపోతాయి.

ఆల్ఫాకు ఒక హద్దు కూడా ఉంది. అది నాకు బాగా అర్థమైంది నిమ్మలకుంట తోలుబొమ్మల ఫొటోలతో పనిచేసినప్పుడు. మేకతోలును పలచగా చేసి రంగులద్దిన ఆ బొమ్మలను వెనక దీపం పెట్టి తీస్తే, తోలు గుండా వెలుగు వస్తుంది. చెక్కిన రంధ్రాలకు ఆల్ఫా 0 ఇస్తే చాలు, అది సులువే. కానీ ఎర్రటి తోలు కింద నేను వేరే నేపథ్యం పెట్టి, ఆల్ఫాను 60 శాతానికి తగ్గిస్తే బొమ్మ పొగబారినట్లయింది తప్ప వెలుగు వడకట్టినట్లు రాలేదు. ఎర్ర తోలు ఎర్ర వెలుగును పోనిచ్చి ఆకుపచ్చను, నీలాన్ని ఆపుతుంది. ఆల్ఫా మాత్రం మూడు రంగులకూ ఒకే సంఖ్య. రంగు గాజు, రంగు గాజుగుడ్డ, పలచని టిష్యూ చీర, అన్నిటికీ ఇదే పరిస్థితి. వీటికి ఆకారం వరకే మాస్క్ ఇచ్చి, లేయర్‌ను మల్టిప్లై మోడ్‌లో (రెండు పొరల రంగులను గుణించి కలిపే పద్ధతిలో) ఉంచి, పైన మెరుపులు పడిన చోట్లను ఇంకో మామూలు లేయర్‌లో కలపాలి.

పెళ్లి వీడియోల టైటిళ్లు చేసేవారు తరచూ ఎదుర్కొనే నల్ల గీత కూడా ఇదే కుటుంబానికి చెందినది. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ తమ పత్రంలో రంగులను ముందే ఆల్ఫాతో గుణించి నిల్వ చేయడం మేలని వివరించారు. దాన్ని ప్రీమల్టిప్లైడ్ అంటారు. పీఎన్‌జీ గుణించని రంగులనే దాస్తుంది, దాన్ని స్ట్రెయిట్ అంటారు. మన దారం ఉదాహరణలో 60కి బదులు ముందే గుణించిన 30 ఫైలులో ఉండి, ప్రోగ్రామ్ దాన్ని స్ట్రెయిట్ అనుకుని ఇంకోసారి సగం చేస్తే 15, మెరూన్ నుంచి 20, మొత్తం 35 వస్తుంది. 50 రావలసిన చోట 35 అంటే నల్ల అంచు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో 'ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్' కింద ఏది స్ట్రెయిట్, ఏది ప్రీమల్టిప్లైడ్ అని ఎంచుకునే వీలు ఉన్నది ఇందుకే.

ఫైలు రకాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. జేపీఈజీలో ఆల్ఫా లేదు. జిఫ్‌లో పిక్సెల్ ఉంటుంది లేదా ఉండదు, మధ్యస్థం లేదు. పీఎన్‌జీ 8 లేదా 16 బిట్ల ఆల్ఫాను, టిఫ్, పీఎస్‌డీ అదనపు ఛానళ్లను కూడా దాస్తాయి. పీఎస్‌డీలో రంగు ఛానళ్లతో కలిపి 56 వరకు పెట్టుకోవచ్చు. అచ్చుకు వెళ్లేటప్పుడు మాత్రం ప్రెస్ వారిని ముందే అడగండి. పారదర్శకత పీడీఎఫ్‌లోకి వచ్చింది 2001 నాటి 1.4 వెర్షన్‌తో, అచ్చు పనికి పెట్టిన పీడీఎఫ్ ఎక్స్-1ఏ ప్రమాణం అడిగే ప్రెస్‌కు అది చెల్లదు. మన జిల్లాల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్‌లో పని చేసే డీటీపీ కేంద్రాలు ఉన్నాయి, అది ఆల్ఫాను గుర్తించదు. అక్కడికి వెళ్లే బొమ్మను చివరికి ఉండవలసిన నేపథ్యంతో కలిపి ఫొటోషాప్‌లోనే చదును చేసి ఇవ్వడం క్షేమం. క్లిప్పింగ్ పాత్ (గీతతో గీసిన కటింగ్ హద్దు) ఇవ్వవచ్చు కానీ దానిలో సగం కప్పడం అనేది లేదు కాబట్టి కుచ్చులకు పనికిరాదు.

చివరగా జింప్. అక్కడ పేర్లు కొంచెం వేరుగా ఉంటాయి, అదే మిమ్మల్ని తికమక పెడుతుంది. జింప్‌లో ఆల్ఫా ఛానల్ అంటే నేరుగా ఆ లేయర్ పారదర్శకతే. జేపీఈజీ తెరిచినప్పుడు లేయర్‌కు ఆల్ఫా ఉండదు, కాబట్టి ఇరేజర్ రుద్దితే బ్యాక్‌గ్రౌండ్ రంగు పడుతుంది. ముందుగా లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ కింద 'యాడ్ ఆల్ఫా ఛానల్' నొక్కాలి. సెలెక్షన్‌ను దాచాలంటే సెలెక్ట్ మెనూలో 'సేవ్ టు ఛానల్' ఉంది. ఫొటోషాప్‌లో మీరు చేసినది దీనితో సమానం. 'కలర్ టు ఆల్ఫా' అనే సౌకర్యం తెలుపును పారదర్శకంగా మార్చడమే కాక, నేను పైన చూపిన లెక్కతో అంచు రంగునూ శుభ్రం చేస్తుంది. సంతకాలకు, ముగ్గుల గీతలకు అది చాలా బాగుంటుంది. చీర మొత్తానికి వాడితే జరీ మెరుపులు, తెల్ల బుటాలు కూడా పారదర్శకమై చీరలో చిల్లులు పడినట్లు కనిపిస్తాయి, కాబట్టి అంచు వరకే సెలెక్ట్ చేసుకుని వాడండి.

జింప్‌లో తుడిచిన పిక్సెల్ రంగు వెంటనే పోదు, ఆల్ఫా మాత్రమే 0 అవుతుంది. ఇరేజర్‌ను ఆల్ట్ కీతో రుద్దితే తుడిచినది తిరిగి వస్తుంది, పనిలో ఇది గొప్ప సౌకర్యం. కానీ పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు పారదర్శక పిక్సెళ్ల రంగు విలువలను భద్రపరచమనే గుర్తు పెట్టి ఉంటే, మీరు తుడిచిన ఇల్లు, గోడ మీది క్యాలెండర్, చీర పట్టుకుని నిలబడిన మనిషి, అన్నీ ఆ ఫైలులో కనిపించకుండానే ఉంటాయి. ఆల్ఫాను తీసేసి చూడటం తెలిసినవారికి అవి బయటపడతాయి. మీ చీరల వెనక ఇంట్లోవారు నిలబడిన ఫొటోలు కూడా ఉన్నాయన్నారు కాబట్టి, ఆ ఫైళ్లను అమ్మకానికి పెట్టే ముందు ఆ గుర్తు తీసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి.